తొలి ఆల్బమ్: పాత సింథసైజర్ నాదం, రాక్ గిటార్ ఒకే పాటలో ఇమిడాయా? మీ అభిప్రాయం కోరుతున్నాను

మంగళం_రాత్రి:

సభ్యులందరికీ నమస్కారం. రెండేళ్లుగా తిరుపతిలో మా మేడమీది గదిలో నేనొక్కడినే కూర్చుని చేసుకుంటూ వచ్చిన 8 పాటలు ఈ నెలకు ఒక రూపానికి వచ్చాయి. మొత్తం నిడివి 34 నిమిషాలు. బాణీలు, సాహిత్యం, గాత్రం, గిటార్, బేస్, కీబోర్డు అన్నీ నావే. డ్రమ్స్ వాయించే మనిషి లేడు కాబట్టి రోలాండ్ సంస్థ 1980లో విడుదల చేసిన టీఆర్-808 రిథమ్ యంత్రపు ధ్వనులను కంప్యూటర్‌లో పేర్చుకున్నాను. సింథసైజర్లు (కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యాలు) కూడా చాలావరకు సాఫ్ట్‌వేర్ రూపంలో ఉన్నవే. ఒక్కటి మాత్రం నిజమైన వాద్యం. ఆర్కెస్ట్రా మానేసిన ఒక పెద్దాయన దగ్గర కొన్న పాత యమహా కీబోర్డు అది. దాని మీటల్లో రెండు ఇప్పటికీ పలకవు.

1980ల నాటి ఎలక్ట్రానిక్ నాదం నాకెంత ఇష్టమో, గట్టిగా డిస్టార్షన్ (నాదాన్ని గరగరలాడించే మార్పు) పెట్టిన గిటార్ కూడా అంతే ఇష్టం. ఈ రెండింటినీ ఒకే పాటలో ఉంచాలన్న పట్టుదలతోనే ఆల్బమ్ మొదలుపెట్టాను. అయితే మూడో పాటలోనూ ఆరో పాటలోనూ అవి ఒకదాన్నొకటి తొక్కేస్తున్నాయి. దేనికది విడిగా వింటే నిండుగానే ఉంటుంది. రెండూ కలిపితే మాత్రం గోడకు సున్నం కొట్టినట్టు ఒకే తెల్లదనం మిగులుతుంది.

ఇంకొక బాధ కూడా ఉంది. పాటలు విన్న ఒక మిత్రుడు, ఇవి మనవి కాని జ్ఞాపకాలనీ, ఏ పరాయి ఊరి రాత్రులనో అరువు తెచ్చుకుని పాడుతున్నాననీ అన్నాడు. ఆ మాట నాలో ముల్లులా దిగబడిపోయింది. పాటల లంకె ఇక్కడి సభ్యులకు పంపాను. దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

చిత్తూరు_ఆర్గన్:

నాయనా, ముందు నీ రెండో బాధ సంగతి చెబుతాను, ఎందుకంటే అది తీరితేనే మొదటిది తీరుతుంది. నేను చిత్తూరు చుట్టుపక్కల లైట్ మ్యూజిక్ బృందాల్లో ముప్పై ఏళ్లు కీబోర్డు వాయించినవాణ్ణి. కుప్పం నుంచి కాళహస్తి దాకా చవితి పందిళ్లలో, పెళ్లిళ్లలో, తిరునాళ్లలో, వయొలిన్లు వాయించే పదిమందికి కూలి ఇచ్చుకోలేని కమిటీ ముందు ఒకే ఒక్క కీబోర్డుతో వయొలిన్లు, వేణువు, షెహనాయ్ అన్నీ పలికించాం. ఆ పలుకు అసలు వయొలిన్‌ది కాదని మాకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. అయినా చలికి దుప్పటి కప్పుకుని నేలమీద కూర్చున్న పిల్లల చెవుల్లోకి వెళ్లింది ఆ నాదమే. నువ్వు పుట్టి పెరిగిన ధ్వని అది. అది పరాయిదని నీ మిత్రుడు అంటే, అతను చవితి పందిట్లో స్టేజీకి దూరంగా కూర్చున్నాడనుకోవాలి.

యంత్రం పరాయి దేశంలో తయారైతే కావచ్చు. వయొలిన్ కూడా అలా వచ్చిందే. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లోనే నువ్వు వాడిన ఆ 808ని, దానితో పాటు టీబీ-303, జూపిటర్-8 అనే మరో రెండు రోలాండ్ యంత్రాలను ముందు పెట్టుకుని పది రాగాలను డిస్కో లయలో వాయించి ఆల్బమ్‌గా తెచ్చాడు. అప్పుడు దాన్ని పట్టించుకున్నవారు లేరు. 2010లో మళ్లీ విడుదలయ్యాకనే పై దేశాలవాళ్లు ఆశ్చర్యపోయి విన్నారు.

ఇక పాటలు. రెండో పాట నాకు కంట నీరు తెప్పించింది. అందులో నా కాలపు కీబోర్డు ఉంది. ఎనిమిదో పాటలో ప్రధాన సింథ్ మాత్రం మరీ శుభ్రంగా, తుడిచిపెట్టిన స్టీలు గ్లాసులా ఉంది. పాత యంత్రాల్లో స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్లు వోల్టేజీ మీద నడిచేవి, గది వేడెక్కితే శ్రుతి జరిగేది. మన మే నెల ఎండల్లో రేకుల షెడ్డు కింద వాటిని వాయించడం ఎలా ఉంటుందో ఊహించుకో. వాయించేవాడికి అది నరకం, వినేవాడికి మాత్రం ప్రాణమున్నట్టు అనిపించేది. నీ సాఫ్ట్‌వేర్‌లో రెండు ఆసిలేటర్లను ఐదు సెంట్ల (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) తేడాతో పెట్టి చూడు. 440 హెర్ట్జ్ దగ్గర ఆ తేడా సుమారు 1.3 హెర్ట్జ్ అవుతుంది, అంటే సెకనుకు ఒకసారికి కాస్త ఎక్కువగా నాదం అలలా ఊగుతుంది. పొరపాటున కూడా పదిహేను సెంట్లు దాటించకు. అక్కడికి వెళ్తే ఊగడం పోయి తాగి తూలినట్టు ఉంటుంది.

భాకరాపేట_ఆరుతీగలు:

పెద్దాయన చెప్పిన తర్వాత గిటార్ గురించి మాత్రమే చెబుతాను. తమ్ముడూ, మూడో పాటలో నువ్వు డిస్టార్షన్ పూర్తిగా పెంచి మూడు స్వరాల కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వాయిస్తున్నావు. అక్కడే చిక్కంతా ఉంది. డిస్టార్షన్ అంటే శబ్దాన్ని పెద్దది చేయడం మాత్రమే కాదు, ప్రతి రెండు స్వరాల మధ్య వాటి కూడికలు, తీసివేతలతో కొత్త స్వరాలు పుట్టించడం. షడ్జమం (స), పంచమం (ప) మాత్రమే వాయిస్తే పుట్టే స్వరాలు కూడా వాటి కుటుంబంలోనివే కాబట్టి గట్టిగా, ఒకే ముద్దగా నిలబడతాయి. రాక్ వాళ్లు పవర్ కార్డు అని పిలిచేది ఇదే. మధ్యలో గాంధారం (గ) చేర్చావంటే పుట్టేవన్నీ ఒకదానితో ఒకటి పొసగక బురదవుతాయి.

కాబట్టి గిటార్‌కు షడ్జ పంచమాలు ఉంచి, గాంధారాన్ని సింథ్‌కు అప్పగించు. పాట దుఃఖమా సంతోషమా అన్నది చెప్పేది గాంధారమే. ఆ మాట సింథ్ చెబితే, గిటార్ దానికి కింద నేలలా నిలబడుతుంది. అప్పుడు రెండింటిలో ఏది లేకపోయినా పాట కుంటుతుంది. నువ్వు రెండింటినీ కలపాలనుకున్నది ఇందుకే కదా?

ఇంకో దారి కూడా ఉంది. ఇంగ్లండు గాయకుడు గ్యారీ న్యూమన్ 1978లో తన బృందంతో గిటార్ పాటలు రికార్డు చేయడానికి స్టూడియోకు వెళ్లినప్పుడు, అంతకుముందు వచ్చినవాళ్లు వదిలివెళ్లిన మినీమూగ్ అనే సింథసైజర్ అక్కడ కనిపించింది. ఆ మరుసటి ఏడాది తన పేరు మీద వచ్చిన తొలి ఆల్బమ్‌లో అతను గిటార్‌నే పక్కన పెట్టేశాడు, అయినా అందులో రాక్ బరువు తగ్గలేదు. నీ ఆరో పాటలో ఆ రిఫ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరుసను) గిటార్ మీద కాకుండా సింథ్ మీద వాయించి, దాన్నే డిస్టార్షన్ పెడల్ గుండా పంపి చూడు. నేను గిటారిస్టునై ఉండి ఈ మాట చెబుతున్నాను, ఆ పాటకు గిటార్ అవసరం లేదు.

కొర్లగుంట_శబ్దశిల్పి:

చెన్నైలో మిక్సింగ్ పని చేస్తుంటాను, ఊరు తిరుపతే. పాటలన్నీ హెడ్‌ఫోన్లలో ఒకసారి, చిన్న స్పీకర్లలో ఒకసారి, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఊరికి వస్తూ ఇయర్‌ఫోన్లలో ఒకసారి విన్నాను. అన్న గారు కార్డుల గురించి చెప్పినదానితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. ఆరో పాట గిటార్ విషయంలో మాత్రం ఒప్పుకోను, దాని సంగతి కింద చెబుతాను.

ముందు తెల్ల సున్నం సంగతి. మీ సింథ్‌లో రంపపుపళ్ల తరంగం వాడారు. అందులో మూల స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు ఇలా హార్మోనిక్స్ అన్నీ వరుసగా తగ్గుతూ ఉంటాయి. డిస్టార్షన్ గిటార్ కూడా అదే పని చేస్తుంది. రెండూ 200 హెర్ట్జ్ నుంచి 3,000 హెర్ట్జ్ దాకా ఒకే చోట కూర్చుంటే చెవికి ఎవరు ఎవరో తెలియదు. చాలామంది ఇక్కడ ఈక్వలైజర్‌తో (హెచ్చు, తగ్గు స్వరాలను పెంచి తగ్గించే సాధనంతో) రెండింటికీ కోతలు పెడుతూ రాత్రులు గడుపుతారు. మూడో పాట వింటే మీరూ గడిపారని తెలుస్తోంది. దయచేసి ఆ కోతలన్నీ తీసేయండి. సింథ్‌లో రంపపుపళ్ల తరంగం బదులు చతురస్ర తరంగం పెట్టండి, అందులో బేసి హార్మోనిక్స్ మాత్రమే ఉంటాయి కాబట్టి గొంతు బోలుగా, క్లారినెట్ దగ్గరగా మారుతుంది. లేదంటే ఫిల్టర్ కటాఫ్‌ను (దానికి పైనున్న స్వరాలను ఫిల్టర్ ఆపేసే హద్దును) గిటార్ వాయించే చరణంలో దించి, గిటార్ ఆగగానే మెల్లగా పైకి తెరవండి. గిటార్‌లో అన్నిటికన్నా మంద్రమైన తీగ మూల స్వరం 82 హెర్ట్జ్, బేస్‌లో అలాంటి తీగది 41. డిస్టార్షన్ ఉన్న గిటార్‌ను 100 హెర్ట్జ్ కింద నిర్మొహమాటంగా కోసేస్తే, ఆ చోటంతా బేస్‌కూ 808 కిక్‌కూ (పాదంతో కొట్టే పెద్ద డ్రమ్ము నాదానికీ) దక్కుతుంది.

ఆరో పాటలో గిటార్ ఎందుకు ఉండాలంటే, ఆల్బమ్ మొత్తంలో మీ చేతి వణుకు వినిపించేది అక్కడొక్కచోటే. రెండు నిమిషాల దగ్గర తీగ మీద వేలు జారిన శబ్దాన్ని మీరు తీసేయకుండా ఉంచారు. ఎంతో పొందికైన యంత్రాల మధ్య ఆ ఒక్క జారుడు నాకు మనిషిని చూపించింది. దాన్ని పోగొట్టుకోవద్దు.

పుత్తూరు_డ్రమ్స్:

నేను సూటిగా చెబుతాను. ఒకటి, రెండు, ఎనిమిదో పాటల్లో 808 సరిగ్గా కుదిరింది. మూడు, ఐదు, ఆరు పాటల్లో కుదరలేదు. 808లోని కిక్ అసలు డ్రమ్ముకు రికార్డింగ్ కాదు, సర్క్యూట్ పుట్టించే శబ్దం. అది తీయగా, గుండ్రంగా, ఒంటరిగా ఉన్నప్పుడు అందంగా ఉంటుంది. గిటార్ గర్జిస్తున్నప్పుడు దాని వెనుక నిలబడే ఒళ్లు దానికి లేదు. అదే 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్‌ఎం-1 యంత్రంలో నిజమైన డ్రమ్ముల రికార్డింగులను చిప్పుల్లో ఉంచారు. పాత ఎలక్ట్రానిక్ రంగు పోకుండా రాక్ బరువు కావాలంటే ఆ కోవలోని ధ్వనులు దగ్గరగా ఉంటాయి.

స్నేర్‌కు (చిటపటలాడే చిన్న డ్రమ్ముకు) మీరు పెట్టిన మోత గురించి కూడా చెప్పాలి. ఆ కాలపు రాక్ స్నేర్ అనగానే గుర్తొచ్చేది గది మోతను ఒక్కసారిగా పెద్దగా తెరిచి, అది ఆరిపోకముందే తలుపు వేసినట్టు ఆపేసే పద్ధతి. 1979లో లండన్‌లో గాయకుడు పీటర్ గేబ్రియల్ రికార్డింగుకు ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తున్నప్పుడు అది రూపుదిద్దుకుంది. మీరు మోతను ఆపకుండా చివరిదాకా వదిలేశారు, అందువల్ల ప్రతి దెబ్బా తర్వాతి దెబ్బ మీద పడుతోంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది సమయం. మీరు ప్రతి దెబ్బనూ కంప్యూటర్ చూపే కాలపు గీత మీదే పెట్టారు. నిమిషానికి 120 దెబ్బల లయలో పదహారో వంతు మాత్ర, అంటే ఒక దెబ్బలో నాలుగో వంతు, 125 మిల్లీసెకన్లు. అందులో పది మిల్లీసెకన్లు స్నేర్‌ను వెనక్కి జరిపితే వినేవాడు తేడా గుర్తుపట్టడు గానీ, అతని మెడ గుర్తుపడుతుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పలకలు వాయించే వాళ్లను ఒకసారి రికార్డు చేసి కంప్యూటర్‌లో గీతల మీద పెట్టి చూశాను. ఒక్క దెబ్బ కూడా గీత మీద లేదు, అయినా ఊరు ఊరంతా ఆ లయకే ఊగుతుంది.

ఒంటరిగా చేశానన్న గర్వం మంచిదే. ఇంగ్లండు సంగీతకారుడు మైక్ ఓల్డ్‌ఫీల్డ్ కూడా పంతొమ్మిదేళ్ల వయసులో చాలా వాద్యాలు తానే వాయించి రికార్డు చేసిన తొలి ఆల్బమ్‌ను 1973లో విడుదల చేశాడు. అయితే అందులో డ్రమ్స్ దగ్గర మరొకరిని కూర్చోబెట్టుకున్నాడు. మీరు పిలిస్తే పుత్తూరు నుంచి నేను వస్తాను, డబ్బు మాట అవసరం లేదు.

మంగళం_రాత్రి:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నాలుగు రాత్రులు కూర్చున్నాను. మూడో పాటలో గాంధారాన్ని గిటార్ నుంచి తీసి సింథ్‌కు ఇచ్చిన క్షణం నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. రెండేళ్లుగా నేను వెతుకుతున్న ఖాళీ అక్కడ దొరికింది. ఈక్వలైజర్ కోతలు పదకొండు ఉండేవి, అన్నీ తీసేశాను. చతురస్ర తరంగం ఆ పాటకు పొసగలేదు, ఫిల్టర్ దించి తెరవడం మాత్రం బాగా కుదిరింది.

డ్రమ్స్ అన్నా, మీ మాటకు చాలా సంతోషించాను. స్నేర్ మోతను ఆపేశాను, సమయాలు జరిపాను. మనిషిని పిలిచే విషయంలో నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. గర్వం వల్ల కాదు. ఈ పాటలు నేను ఎవరితోనూ మాట్లాడలేని రోజుల్లో చేసుకున్నవి. ఆ గదిలోకి మరొకరు వస్తే అవి వేరే పాటలవుతాయేమోనని భయం.

వీణాతంత్రి:

తిరుపతిలో వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకున్నాను. ఎలక్ట్రానిక్ సంగీతం గురించి నాకు తెలిసింది తక్కువ, అందుకే నాలుగో పాట గురించి మాత్రమే చెబుతాను తమ్ముడూ.

అందులో గిటార్ రిఫ్ వినగానే నేను శుద్ధ ధన్యాసి అనుకున్నాను. షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. గిటార్ వాయించేవారు మైనర్ పెంటటోనిక్ అని పిలిచే స్వరాలు కూడా ఇవే. అంటే రాక్ గిటార్‌కు అత్యంత ఇష్టమైన మెట్లు మన చెవికి ఎప్పటినుంచో పరిచయమైనవే. పరాయి రాత్రులని అన్న మీ మిత్రుడికి ఈ సంగతి చెప్పండి.

అయితే స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం రాదు. గాంధార నిషాదాలు నిలకడగా నిలబడితే శుద్ధ ధన్యాసి ముఖం కనిపించదు, అవి కదలాలి. మీ గిటార్‌లో తీగను లాగినప్పుడు ఆ కదలిక వస్తోంది. వెంటనే అదే వరుసను సింథ్ మెట్టు మెట్టుగా చదివేసరికి, పాడుతున్నవాడు ఉన్నట్టుండి అంకెలు లెక్కపెట్టినట్టు అయింది. కీబోర్డు మీద స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ చక్రం ఉంటుందని విన్నాను, దాన్ని వాడవచ్చు కదా? లేదా సింథ్‌ను అక్కడ వరుస చదవనివ్వకుండా తంబురాలా షడ్జ పంచమాల మీద నిలిపి, గమకమంతా, అంటే ఆ కదలికంతా గిటార్‌కే వదిలేయండి. నాకైతే రెండోదే ఇష్టం. ఎవరు కదలాలో, ఎవరు నిలవాలో తేలితే కచేరీకి సగం పని అయినట్టే.

కొర్లగుంట_శబ్దశిల్పి:

అక్క గారి మాట మీద ఒక చిన్న సాంకేతిక విషయం. పిచ్ చక్రం మామూలుగా పైకి రెండు, కిందికి రెండు అర స్వరాల దాకా తిరుగుతుంది. మిడి (ఎలక్ట్రానిక్ వాద్యాలు, కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి) ప్రమాణంలో ఆ దూరాన్ని 16,384 మెట్లుగా విభజించారు, కాబట్టి గమకానికి యంత్రం అడ్డు కాదు, చేతికి అలవాటు లేకపోవడమే అడ్డు. అయినా ఈ పాటలో తంబురా పద్ధతే సరైనది.

పలమనేరు_శ్రోత:

నాకు ఏ వాద్యమూ రాదు, కాబట్టి మాటల గురించి రాస్తాను. రెండో పాటలో ఆఖరి బస్సు వెళ్లిపోయిన తర్వాత బస్టాండులో ఫ్లాస్కుతో తిరిగే టీ మనిషి ఉన్నాడు. ఏడో పాటలో వాన పడ్డ రాత్రి కపిలతీర్థం జలపాతం హోరు ఇంట్లో పడుకున్నవాడికి వినిపిస్తుంది. ఈ రెండు పాటలూ నన్ను ఊరికి తీసుకెళ్లాయి. ఐదో పాటలో మాత్రం నియాన్ దీపాలు, అంతులేని రహదారి, ఎర్ర కారు వస్తాయి. మీ మిత్రుడు పరాయిదన్నది బహుశా ఈ పాటనే కావచ్చు, ఆ మేరకు అతను చెప్పింది నిజం. చిత్తూరు పెద్దాయన దాన్ని కొట్టిపారేశారు గానీ నేను కొట్టిపారేయలేను. నాదం మనదే, ఐదో పాటలోని మాట మాత్రం మనది కాదు. ఆ పాటను తీసేస్తే 30 నిమిషాల ఆల్బమ్ మిగులుతుంది. దానివల్ల నష్టమేమీ లేదు.

ఏడో పాట మొదట్లో ఏదో పాత క్యాసెట్ నుంచి నాలుగు సెకన్ల పాట వినిపించింది. అది ఎక్కడిది?

కొర్లగుంట_శబ్దశిల్పి:

అది నేనూ అడగాలనుకున్నాను. సొంత రికార్డింగు కాకపోతే నాలుగు సెకన్లయినా తీసేయండి. మన చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు విడుదలైన తర్వాత 60 ఏళ్లు, బాణీ మీద హక్కు కర్త మరణించిన తర్వాత 60 ఏళ్లు నిలుస్తుంది. మరో మాట, మీ ఫైళ్లు మైనస్ 8 లఫ్స్ (పాట గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ గట్టిగా ఉన్నట్టు) దాకా బిగించి ఉన్నాయి. స్పాటిఫై మామూలుగా మైనస్ 14కు దించి వినిపిస్తుంది, అంటే మీరు నలిపి సంపాదించిన గట్టిదనం పోయి నలుగుడు మాత్రమే మిగులుతుంది. మైనస్ 12 దగ్గర ఆపండి, స్నేర్‌కు ఊపిరి ఆడుతుంది.

మంగళం_రాత్రి:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

ఐదో పాటను తీసేశాను. మొదట మనసు చివుక్కుమంది, రెండు రోజుల తర్వాత ఆ పాట లేని ఆల్బమ్ విన్నప్పుడు ఊపిరి తేలికైంది. నాలుగో పాటలో సింథ్ ఇప్పుడు షడ్జ పంచమాల మీద నిలబడి, పెద్దాయన చెప్పినట్టు ఐదు సెంట్ల తేడాతో ఊగుతూ ఉంటుంది. అక్క గారు వింటే తంబురా గుర్తొస్తుందని నా ఆశ.

ఏడో పాట మొదట్లోని క్యాసెట్ ముక్క నా చిన్నప్పుడు మా వీధిలో వినిపించిన పాటది. దాన్ని తీసేశాక ఆ ఖాళీని ఏం పెట్టి నింపాలో చాలాసేపు తెలియలేదు. చివరికి మా వీధి చివర మైకుసెట్టు అద్దెకిచ్చే ఆయనను అడిగి ఒక హారన్ స్పీకర్ తెచ్చుకుని మేడ మీద పెట్టి, పాత యమహా మీద నా సొంత బాణీని దాని గుండా పలికించి, ఇరవై అడుగుల దూరంలో మైకు పెట్టి రికార్డు చేశాను. హారన్‌లో కింది స్వరాలన్నీ రాలిపోయి ముక్కుతో పాడినట్టు వస్తుంది. దూరాన ఏ పందిట్లోనో ఎవరో వాయిస్తున్నట్టే ఉంది. మధ్యలో ఒక కుక్క మొరిగింది, అలాగే ఉంచాను.

ఆరో పాటలో గిటార్ ఉంది, వేలి జారుడు ఉంది. డ్రమ్స్ మాత్రం యంత్రానివి కావు. పోయిన ఆదివారం పుత్తూరు అన్న వచ్చి, మా గదిలో చోటు చాలక సగం సెట్టు గుమ్మం బయట పెట్టుకుని మూడు సార్లు వాయించారు. రెండోసారి వాయించినది వాడాను. పాట వేరే పాట అయింది, నేను భయపడినట్టే. కొత్త మిక్స్ లంకె అందరికీ పంపాను.

చిత్తూరు_ఆర్గన్:

విన్నాను నాయనా. ఏడో పాటలో హారన్ పలికినప్పుడు మా ఆవిడ వంటింట్లో నుంచి వచ్చి, ఈరోజు ఏ గుళ్లో ఉత్సవమని అడిగింది. ఎనిమిదో పాటలో ఆ సింథ్‌ను ఇంకా మార్చలేదు, దాన్ని కూడా కాస్త ఊగించు. పాత యమహాలో పలకని ఆ రెండు మీటలు ఏవో రాయి, నా దగ్గర విడి భాగాలు ఉన్నాయి.